వాటం లేని గచ్చు

మా తామరగుంటలో నీళ్ళు కొంతకాలం పల్లానికి పోవడం మానేశాయి. వాటికి పోవాలనే ఉండేది. చట్టమే ఒప్పుకోలేదు.

నా పేరు గవర్రాజు. గచ్చు గవర్రాజు ఇల్లెక్కడంటే బస్టాండులో సోడా బండివాడు కూడా చెబుతాడు. నాపరాళ్ళు, మొజాయిక్, టైల్స్, గ్రానైట్, ఏది పరవమంటే అది పరిపిస్తాను. నేను తాపీ పట్టను. పట్టినవాళ్ళ మీద అరుస్తాను. కాంట్రాక్టరంటే అంతే గదా. అరవడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని నా భార్య మంగతాయారు కూడా ఒప్పుకుంటుంది. ఆవిడ నా విషయంలో ఒప్పుకున్న మంచిగుణం అదొక్కటే.

గచ్చు పనిలో మొదటి పాఠం వాటం. స్నానాలగదిలోనో పెరట్లోనో గచ్చు వేసేటప్పుడు నీళ్ళు తూము వైపు పోయేలా కంటికి ఆననంత వాలు పెడతాం. దాన్నే వాటం అంటాం. కుదిరిందో లేదో చూడాలంటే చెంబుడు నీళ్ళు ఒంపితే చాలు, అవే దారి వెతుక్కుని తూములోకి వెళ్ళిపోతాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు లైసెన్సు కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. అందుకే అంత ధైర్యంగా అనగలిగారు.

కిందటేడు ఏదో సర్కారు అతిథిగృహంలో వేయడానికి తెప్పించిన పాలరాయి, దారిలో మనసు మార్చుకుని ఎవరింట్లోనో పరుచుకుంది. పేపర్లో పడింది. ప్రభుత్వానికి కోపం వచ్చింది. ప్రభుత్వానికి కోపం వస్తే ఒక మండలి పుడుతుంది. అలా రాష్ట్ర గచ్చు ప్రమాణాల మండలి పుట్టింది. ఇకమీదట లైసెన్సు లేనిదే ఎవరూ గచ్చు వేయరాదన్నారు. సరే, బండి నడపడానికి ఉంది, బట్టీ పెట్టడానికి ఉంది, మనకెందుకు ఉండకూడదు అనుకున్నాం. కానీ లైసెన్సు నిబంధనల్లో మొట్టమొదటిది చదివేసరికి నా కళ్ళజోడు మీద నాకే అనుమానం వచ్చింది. "గచ్చు పనులలో వాటం ఎంతమాత్రము ఉండరాదు."

మా పెద్ద మేస్త్రి నూకరాజుకి చదివి వినిపించాను. వాడు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"వాటం లేకపోతే గచ్చెందుకండి బాబూ? ఏకంగా కుడితి తొట్టె కట్టేసి, అందులో కూకోమందాం," అన్నాడు.

లైసెన్సు కావాల్సినవాళ్ళందరికీ పురమందిరంలో అవగాహన సదస్సు పెట్టారు. వేదిక మీద 'వాటం విముక్త తామరగుంట' అని బ్యానరు కట్టారు. హడావిడిలో కట్టినట్టున్నారు, అది ఒక పక్కకి బాగా వాలి ఉంది. మండలి ఉపసంచాలకులు బులుసు పరబ్రహ్మంగారు మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, మా అందరినీ జాలిగా చూశారు.

"సోదర గచ్చుకర్తలారా! వాటమనగా నేమి? ఒకవైపు హెచ్చు, ఒకవైపు తగ్గు. ఈ హెచ్చుతగ్గులు మొదట మన గచ్చులలో ప్రవేశించినవి. అచ్చటి నుండి మన మనస్సులలోనికి పాకినవి. శిశువు మొట్టమొదట పాకునది ఎచ్చట? గచ్చు మీదనే గదా! వాటమున్న గచ్చు మీద పాకిన శిశువు, పెరిగి పెద్దవాడై నిష్పక్షపాతముగా ఎట్లు వ్యవహరించగలడు?"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. బయట బన్నూ టీ ఇస్తున్నారని అప్పటికే తెలుసు. అయినా నోరూరుకోదు గదా, లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, మరి తానం చేసిన నీళ్ళు ఎటు పోతాయండి?"

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశారు.

"నీళ్ళు పోవుట అనునది నీటిపారుదల శాఖవారి పరిధి. మనది గచ్చు."

"పోకపోతేనండి?"

"పోకపోవుట కూడ వారి పరిధియే."

నేను కూర్చున్నాను. తరవాత మా చేత ప్రమాణం చేయించారు. 'నా వృత్తియందు నేను ఏ దిక్కునకూ వాలను, ఎవరినీ వాలనివ్వను' అని చెయ్యి బారచాపి అన్నాం. ఆపైన దేహపరీక్ష. తనిఖీ అధికారి చోడిశెట్టి ధనకోటిగారు ఒక్కొక్కరినీ గోడకి ఆనించి నిలబెట్టి, భుజాల మీద రసమట్టం పెట్టి చూశారు. అందులో బుడగ నడిమధ్యన నిలవాలి. నాపరాళ్ళ సూరన్నది నిలవలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ కుడి భుజం మీద రాళ్ళు మోసిన మనిషి, ఆ భుజం కిందికి జారిపోయింది. 'ఇతని యందే వాటమున్నది' అని రాసి తిప్పి పంపేశారు. నాకు మాత్రం బుడగ కదిలితే ఒట్టు. చెప్పాను గదా, నేను బరువులు ముట్టను.

మెళ్ళో లైసెన్సు బిళ్ళ వేసుకుని ఇంటికొచ్చాను.

మండలివారి పరీక్ష చాలా తేలిక. ధనకోటిగారి దగ్గర మఖమల్ పెట్టెలో ప్రభుత్వ ముద్ర ఉన్న గాజుగోలీ ఒకటి ఉండేది. దాన్ని గచ్చు మీద పెడతారు. కదలకపోతే యోగ్యతా పత్రం. కదిలితే లైసెన్సు రద్దు, గదికి సీలు. యోగ్యతా పత్రం లేని ఇంటికి కరెంటూ కుళాయీ ఇవ్వరు. పాత ఇళ్ళ గచ్చులు కూడా మూడు నెలల్లోగా మట్టం చేసుకోవాలని దండోరా వేశారు. దాంతో మాకు చేతినిండా పని. ఊరంతా తవ్వాం, ఊరంతా మట్టం చేశాం. ఎక్కడ ఒంపిన నీళ్ళు అక్కడే క్రమశిక్షణతో నిలబడేవి.

జనం అలవాటు పడ్డారు. మన జనం దేనికైనా అలవాటు పడతారు. స్నానానికి వెళ్ళినవాడు మొదట ఒళ్ళు తోముకుని, తరవాత గచ్చు మీది నీళ్ళు బయటికి తోడిపోసి, ఆ చెమటకి మళ్ళీ స్నానం చేసేవాడు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి వెళ్ళినవాళ్ళు ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని, చేతులు పట్టుకుని వరసగా వెళ్ళేవారు. నీళ్ళు నిలిస్తే దోమలు ఊరుకుంటాయా? మలేరియా శాఖవారు ఇంటింటికీ నోటీసులిచ్చారు. 'వాటం పెట్టుకుంటామండీ' అంటే అది మా పరిధి కాదన్నారు. వాళ్ళ పరిధిలో ఉన్నవి దోమపిల్లల్ని తినే చేపలు. వాటిని తెచ్చి స్నానాలగదుల్లో వదిలారు. చేపలున్న జాగా అంతా చెరువే గాబట్టి, ఇంటివాళ్ళు ఆక్వా లైసెన్సు తీసుకోవాలని మత్స్యశాఖవారు వచ్చారు. ఊరి పేరుకి సార్థకత వచ్చిందని పరబ్రహ్మంగారు సభలో ఆనందబాష్పాలు రాల్చారు. అవీ కింద పడి అక్కడే నిలిచాయి. బడి గోడ మీదున్న సామెత చట్టవిరుద్ధమని ఎవరో ఫిర్యాదు చేస్తే, సున్నం కొట్టించి 'నీరు సమమెరుగు' అని రాయించారు.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది, నా ఇంటి దాకా వచ్చేవరకూ.

మంగతాయారు నన్ను కట్టుకున్న దగ్గర్నించీ అద్దె ఇళ్ళలోనే కాపురం. మేం చేరిన ప్రతి ఇంట్లోనూ స్నానాలగది వాటం తప్పుగానే ఉండేది. నీళ్ళు తూము వైపు వెళ్ళకుండా గుమ్మం వైపు వచ్చేవి. పొద్దున్నే చీపురు పట్టుకుని ఆ నీళ్ళని తూములోకి తోస్తూ, ఊళ్ళో అందరి గచ్చులూ బాగుచేసే మొగుణ్ణి తిట్టడంతో ఆవిడ రోజు మొదలయ్యేది. అద్దె ఇంటి గచ్చు మనం తవ్వకూడదు గదా అని నేను తప్పించుకునేవాణ్ణి. చివరికి కొత్తపేటలో రెండు గదుల సొంత ఇల్లు కట్టాం. నగలొద్దు, పట్టుచీరలొద్దు అని ఆవిడ అనలేదు. అవీ కావాలంది. కానీ ముందు కావాల్సింది ఒకటుందంది.

"గృహప్రవేశం నాడు నా చేత్తో చెంబుడు నీళ్ళు ఒంపుతానండి. తూములోకి పోయినియ్యా, పాలు పొంగిత్తాను. పోలేదా, ఆ ఇంట్లో పొయ్యి ముట్టించను. పెట్టె సద్దుకుని సామర్లకోట మా అక్క దగ్గరికి పోతాను. మీరూ మీ లైసెన్సూ కాపరం చేసుకోండి."

ఆవిడ అన్న మాట అన్నట్టు చేసే మనిషి. వాటం పెడితే లైసెన్సు పోతుంది, పెట్టకపోతే పెళ్ళాం పోతుంది. నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఎలాగో గోలీ కళ్ళు కప్పుదామని, ఎంత తక్కువ వాటం పెట్టొచ్చో అంత తక్కువ పెట్టమని నూకరాజుతో చెప్పాను. వాడు గచ్చు మీద చెంప ఆనించి పడుకుని, ఒక కన్ను మూసి చూసి, "ఇది వాటం కాదండి, వాటం మీద ఆశ," అన్నాడు.

ధనకోటిగారు తనిఖీకి వచ్చారు. గది నాలుగు మూలలా చూశారు. కొత్త కుళాయి తిప్పి చూశారు. గోడకి చేరవేసిన నా రసమట్టం ఎత్తి, బరువెంతో చేత్తో అంచనా కట్టారు. ఆ తరవాత మఖమల్ పెట్టె తెరిచి, గోలీ తీసి, గచ్చు మధ్యలో ప్రతిష్ఠించారు.

గోలీ కదల్లేదు. నేను వెంకన్నకి తలనీలాలు మొక్కుకున్నాను. గోలీ ఇంకా కాసేపు ఆలోచించింది. తరవాత, అత్తారింటికి వెళ్ళే కొత్త అల్లుడిలా తీరిగ్గా బయల్దేరి, దారిలో ఎక్కడా తప్పిపోకుండా, నేరుగా వెళ్ళి తూములో పడింది. తూము మీద ఇంకా జాలీ బిగించలేదు. లోపల్నుంచి టక్కుమని వినపడింది.

"గవర్రాజూ," అన్నారు ధనకోటిగారు తూములోకి వంగి చూస్తూ. "అది సర్కారు గోలీ అయ్యా."

"తీసిచ్చేత్తానండి, ఇదెంతసేపు," అని చెయ్యి పెట్టబోయాను.

"ముట్టుకోకు! అది ఇప్పుడు సాక్ష్యం. వాటం పెట్టడం ఒక నేరం, ప్రభుత్వ ఆస్తిని తూములో పడెయ్యడం ఇంకో నేరం."

నా మెళ్ళో బిళ్ళ ఊడదీసుకున్నారు. గోలీతో సహా స్నానాలగదికి సీలు వేసి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక చూస్తే నా రసమట్టం కనపడలేదు. వాటం కొలిచే వస్తువు గాబట్టి జప్తు చేశారేమో అనుకున్నాను. కొత్త ఇత్తడి కుళాయి కూడా లేదు. అదేం నేరం చేసిందో నాకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి మంగతాయారు పెట్టె సర్దుతోంది. కబురు నాకంటే ముందు వచ్చేసింది. అరుద్దామని నోరు తెరిచాను. అరుపు రాలేదు, ఏడుపొచ్చింది. మళ్ళీ ఒక అద్దె ఇల్లు, మళ్ళీ ఆవిడ చేతిలో చీపురు, అది తలుచుకునేసరికి ఆగలేదు. ఆవిడ నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. చీర మడత పెట్టడం ఆపేసింది.

"ఊరుకోండి. గోలీ పోతే పోయింది, మీరు పోలేదు గదా," అంది. "ఆ మండలి ఆఫీసు ఎక్కడుందండి? నేనూ వత్తాను."

మర్నాడు ఇద్దరం మండలి ఆఫీసుకి వెళ్ళాం. గుమ్మంలో అటెండరు చెప్పులు చేత పట్టుకోమన్నాడు. అది గుడి అనే గౌరవంతో కాదు. మరుగుదొడ్ల నీళ్ళు ఎటూ పోలేక వరండాలోకి, వరండాలోంచి గదుల్లోకి వచ్చేశాయి. గుమాస్తాలు కుర్చీల మీద బాసింపట్టు వేసుకుని రాసుకుంటున్నారు. ఒక ఫైలు నీళ్ళలో పడి తేలుతోంది గానీ ఉన్నచోటు నుంచి కదలడం లేదు. ఆఫీసుల్లో ఫైలు కదలాలంటే వాటం ఉండాలని అందరికీ తెలిసిందే.

ఆ మొదటి నిబంధన రాసిన మహానుభావుడెవరని అడిగితే, బల్ల మీద కూర్చుని ఉన్న ఒక పెద్దమనిషిని చూపించారు. ఆయన మండలి భాషా పరిష్కర్త చల్లా వాగీశంగారు. ప్రతి ఉత్తర్వూ ఆయన చేతిలో శుద్ధి అయ్యాకే బయటికొస్తుందిట.

"రాసింది పైవారు. దిద్దింది నేను," అన్నారు ఆయన ఎర్రసిరా కలం జేబులోంచి తీసి చూపిస్తూ. "మొదటి చిత్తులో ఏమని ఉందో తెలుసునా? 'గచ్చు పనులలో చేతివాటం ఎంతమాత్రము ఉండరాదు' అని ఉంది. ఎంత ఘోరం! గచ్చు చేతితో కాక కాలితో వేస్తారటయ్యా? వాటం పెట్టేదే చేత్తో అయినప్పుడు మళ్ళీ 'చేతి' ఎందుకు? పునరుక్తి దోషం. ఆ మాట కొట్టేశాను. వాక్యం ఎంత తేటపడిందో చూడు!"

చేతివాటం! పాలరాయి మాయమైతే వచ్చిన కోపం కదా ఇది. ఒకడి సొత్తు ఇంకొకడి సంచీలోకి జారిపోయే ఆ చేతివాటాన్ని మాన్పాలనుకుని, మా నీటివాటాన్ని మాన్పారన్నమాట. ఈయన రెండక్షరాలు కొట్టేసిన పాపానికి ఊరు ఊరంతా మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడింది.

పరబ్రహ్మంగారి గదిలోకి గబగబా నడవబోయి, నీళ్ళు చింది, నెమ్మదిగా నడిచాను. ఆయన కాళ్ళు రెండూ బల్ల మీద పెట్టుకుని ఉన్నారు. సంగతంతా చెప్పాను. ఆయన నిబ్బరంగా విన్నారు.

"పొరపాటు జరిగియుండవచ్చును. కాని ప్రభుత్వము పొరపాటును అంగీకరించినచో, అది ఒక వైపునకు ఒరిగినట్లు గాదా? మనమే ఒరిగిన పిమ్మట గచ్చులను ఏ మొగముతో నిలదీయగలము?"

నేను అరవడానికి ఊపిరి తీసుకుంటున్నాను. ఇంతలో మంగతాయారు చీరకుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ముందుకొచ్చింది.

"అయ్యగారూ, ఒక్క మాటండి. మీ ఇంట్లో అమ్మగారు తానం ఎక్కడ చేత్తన్నారండి?"

పరబ్రహ్మంగారు కిటికీలోంచి బయటికి చూశారు.

"ఆవిడ పుట్టింటికి వెళ్ళి శ్రావణం, భాద్రపదం దాటిపోయాయమ్మా," అన్నారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "గచ్చు ఎండేదాకా రానంది. చేపలంటే ఆవిడకి భయం. మేం శాకాహారులం కూడా."

"మాదీ అదే బాధండి. నా పెట్టె కూడా సద్దేసే ఉంది," అంది మంగతాయారు.

ఆయన సవరణ ఉత్తర్వు రాయించి, సంతకం పెట్టి, ఆ రోజే సెలవు చీటీ కూడా రాసిచ్చి, భార్యని తీసుకురావడానికి రైలెక్కారు. ఆఫీసు మెట్ల మీద నేను మంగతాయారుకి దణ్ణం పెట్టాను. ఆవిడ మురిసిపోయి, ముహూర్తం పెట్టించమంది.

అయితే సవరణ ఉత్తర్వు కూడా వాగీశంగారి చేతి మీదుగానే వెళ్ళాలి. చేతివాటం అని కలిపి రాస్తే సామాన్యుడు తడబడతాడని, ఆయన దయతో రెండు మాటలూ విడదీశారు. 'వాటం' అని ఉన్నచోట 'చేతి వాటం' అని చదువుకోవలెను అని అచ్చయింది. పరబ్రహ్మంగారి కుర్చీలో ఇన్‌చార్జిగా కూర్చున్నది ధనకోటిగారు. చేతివాటానికి ఇంకో అర్థం ఉందని ఆయనకి తెలియదనుకోవడం కష్టం. తెలిసీ ఊరుకున్నారనుకోవడం తేలిక. ఆయన ఆ ఉత్తర్వుని నాలుగుసార్లు చదివి, భాష్యం చెప్పారు. గచ్చుకి వాటం ఉండవచ్చును. కాని అది చేత్తో పెట్టింది అయి ఉండరాదు.

మళ్ళీ పురమందిరం, మళ్ళీ బన్నూ టీ. ఈసారి బ్యానరు మీద 'హస్తరహిత వాటం' అని ఉంది. మేస్త్రీలు చేతులు వెనక్కి కట్టుకుని, కాలివేళ్ళ సందున తాపీ పట్టుకుని సాధన మొదలుపెట్టారు. పురమందిరం నిండా సిమెంటు చిందింది. ఎవరెవరి మూతుల మీదో పడింది. నూకరాజుకి మాత్రం కాలి విద్య రెండ్రోజుల్లో పట్టుబడింది. "మా ఇంటిదాన్తో పోట్టాడితే అన్నం కాల్తోనే పెడద్దండి, నాకు అలవాటే," అన్నాడు.

గృహప్రవేశం నాడు పొద్దున్నే పంతులుగారు వచ్చారు. గుమ్మానికి మామిడాకులు కట్టాం. మంగతాయారు కొత్త చీర కట్టుకుని, నిండు చెంబు పట్టుకుని, సీలు వేసిన స్నానాలగది ముందు నిలబడింది. వంటింట్లో పొయ్యి మీద పాలగిన్నె పెట్టి ఉంది గానీ అగ్గి రాజెయ్యలేదు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. ముహూర్తం ముంచుకొస్తోందనగా ధనకోటిగారు వచ్చి సీలు పగలగొట్టారు.

"ఈ వాటం చేత్తో పెట్టిందా, కాల్తో పెట్టిందా?"

"కాల్తోనేనండి," అన్నాడు నూకరాజు. సందేహం లేకుండా కుడికాలు ఎత్తి చూపించాడు. ముందురోజు రాత్రే బొటనవేలికి సిమెంటు పూసుకుని పడుకున్నాడు.

ధనకోటిగారు బొటనవేలు చూసి తృప్తి పడ్డారు. సంచీలోంచి యోగ్యతా పత్రమూ నా బిళ్ళా తీశారు. కానీ వెంటనే ఇవ్వలేదు.

"ముందు నా గోలీ సంగతి తేలాలి. స్టోర్సువాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. లెక్కలో ఒక గోలీ తక్కువైతే నా ప్రమోషను ఆగిపోద్ది."

"తీసిత్తానండి," అన్నాను.

"నువ్వు ముట్టుకోకూడదన్నానా? సాక్ష్యం!"

ఆయనే చొక్కా చెయ్యి పైకి మడిచి, గచ్చు మీద బోర్లా పడుకుని, తూములో చెయ్యి పెట్టారు. వెతికారు. మొహం వెలిగింది. దొరికిందన్నమాట. పిడికిలి బిగించి పైకి లాగారు. చెయ్యి రాలేదు. అటు తిప్పి లాగారు, ఇటు తిప్పి లాగారు. నేనూ నూకరాజూ నడుం పట్టుకుని లాగాం. ఆయన అరిచారు. నేను కూడా నేర్చుకోదగ్గట్టు అరిచారు.

"పిడికిలి ఇప్పండి సార్, గోలీ వదిలేత్తే చెయ్యి వచ్చేత్తాది," అన్నాడు నూకరాజు.

"వదల్ను! సర్కారు సొమ్ము!"

"అయ్యా, ముహూర్తం దాటిపోతోంది," అన్నారు పంతులుగారు.

మంగతాయారు ఆయన్ని చూసింది, చెంబుని చూసింది. ఎన్నేళ్ళుగానో ఆ క్షణం కోసం కాచుకున్న మనిషి. ఇంక ఆగలేదు. గది ఆ మూల నిలబడి చెంబుడు నీళ్ళూ ఒంపేసింది.

నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించాయి. తరవాత బయల్దేరాయి. నూకరాజు చెంప ఆనించి పెట్టిన ఆ కాస్త వాటానికే, ఎక్కడా చెదరకుండా, సన్నగా మెరుస్తూ తూము దాకా వెళ్ళాయి. నా గుండె నిండిపోయింది. కానీ తూములో ధనకోటిగారి పిడికిలి ఉంది. నీళ్ళు అక్కడ ఆగి, ఆయన మోచేతి చుట్టూ తిరిగి, మెల్లగా గడ్డం కింద మడుగు కట్టాయి.

మంగతాయారు వంగి చూసింది.

"వాటం బంగారంలా ఉందండి," అంది నాతో. "చెయ్యే అడ్డం."

ఆవిడ ధనకోటిగారి పక్కన గొంతుకూర్చుంది.

"వదిలెయ్యండి బాబూ."

"సర్కారు ఆస్తమ్మా," అన్నారు ఆయన, మూతి దగ్గరికొచ్చిన నీళ్ళు ఊదుకుంటూ.

"మరి మా ఇత్తడి కుళాయి ఎవరి ఆస్తండి?"

ధనకోటిగారు గడ్డం నీళ్ళ మీదికి ఎత్తారు.

"అది ప్లంబింగు. మా పరిధి కాదు," అన్నారు.

మంగతాయారు లేచింది. తగువు పెట్టుకోలేదు. బయట బిందెలో మళ్ళీ చెంబు ముంచుకొచ్చి, అదే మూల నిలబడి, అంతే ప్రశాంతంగా ఒంపింది. ఆ నీళ్ళూ దారి తప్పలేదు. మూడో చెంబుకి ధనకోటిగారి ముక్కు మునిగింది. ఆయన గుడగుడమని ఏదో అన్నారు. పిడికిలి విప్పారు.

చెయ్యి బయటికొచ్చింది. దాని వెనకే మడుగంతా సుడి తిరిగి గలగలమంటూ తూములోకి దూకింది. ఆ హోరులో గోలీ గొట్టంలో దొర్లుకుంటూ దూరంగా పోవడం కూడా వినపడింది. గచ్చు మీద చుక్క నీరు మిగల్లేదు. మంగతాయారు ఆ ఆఖరి చుక్క పోయేదాకా కన్నార్పకుండా చూసింది. తరవాత ఖాళీ చెంబు నా చేతిలో పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, పాలు పొంగించడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ధనకోటిగారు తడి చొక్కాతో అరుగు మీద కూర్చుని, పాయసం తాగి, యోగ్యతా పత్రం మీద సంతకం పెట్టారు. గోలీకి ఏం లెక్క చెబుతారా అని నాకు లోపల దిగులుగానే ఉంది. ఆయన అప్పటికే రాసేశారు. పైకి చదివి వినిపించారు కూడా.

"సదరు గోలీ నీళ్ళతోపాటు పోయినది. నీళ్ళు పోవుట నీటిపారుదల శాఖవారి పరిధి గాన, గోలీని వారి వద్ద నుండి రాబట్టుకొనవలెను."